పాట, పటం, ప్రదర్శన: దృశ్యశ్రవ్య సంచయాల అన్వేషణలో పరిశోధన సమస్యలు

ప్రవేశిక

తెలుగు జానపద సాహిత్య పరిశోధన చాలాకాలం పుస్తకాన్నే ప్రమాణంగా గ్రహించింది. ఆచార్య బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన నాటికి పాటను సేకరించడమంటే ప్రధానంగా విని రాసుకోవడమే. ఆ తరువాత టేపు రికార్డరు, వీడియో కెమెరా, నేడు సెల్‌ఫోను పరిశోధకుని చేతికి వచ్చాయి. సేకరణ సులభమైంది. అయితే సేకరించిన వందలాది గంటల ధ్వనిలో, దృశ్యంలో కావలసిన ఘట్టాన్ని వెతికి పట్టుకోవడం అంతకంతకూ కష్టమవుతున్నది. ముద్రిత గ్రంథానికి పుటసంఖ్య, విషయసూచిక, పదసూచిక ఉంటాయి. నాలుగు గంటల ప్రదర్శనకు చాలా సందర్భాలలో ఫైలు పేరు తప్ప మరేదీ ఉండదు.

ఈ సమస్యను సాంకేతిక నిపుణులు పరిష్కరించవలసిన పనిగా భావించి సాహిత్య పరిశోధకులు పక్కకు తప్పుకోవడం పరిపాటి అయింది. ఈ వైఖరి సరైనది కాదని, అన్వేషణలో ఎదురయ్యే ప్రధాన చిక్కులు ‘పాఠం అంటే ఏమిటి?’ అనే సాహిత్య ప్రశ్నకు చెందినవేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు తెలంగాణ పటం కథలను ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తున్నాను.

పటం కథ స్వరూపం

పటం కథలు కులపురాణాలు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను చెబుతారు. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పొడవైన గుడ్డ పటాన్ని పైనుంచి కిందికి విప్పుతూ, ఒక్కొక్క గడిలోని బొమ్మను కర్రతో చూపిస్తూ కథకుడు పాడతాడు, మాటల్లో చెబుతాడు. వంతలు అందుకొంటారు. వాద్యం తోడవుతుంది.

ఇక్కడ అర్థం మాటలో మాత్రమే లేదు. ‘ఇగో, ఈయన’ అని కథకుడు కర్ర మోపినప్పుడు ఆ సర్వనామానికి అర్థం బొమ్మలో ఉంది. బొమ్మలోని వ్యక్తికి పేరు మాటలో ఉంది. ఈ రెండింటినీ కలిపేది కర్ర కదలిక. కనుక ధ్వనిని ఒకచోట, పటం ఛాయాచిత్రాలను మరొకచోట భద్రపరిస్తే రెండూ నిలిచినా వాటి సంబంధం నశిస్తుంది. నేటి సంచయాలు చాలావరకు ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి. పటం మ్యూజియానికి, ధ్వని ఆర్కైవుకు, రాతప్రతి తెలుగు శాఖకు చేరుతున్నాయి.

సూచిక కూడా వ్యాఖ్యానమే

వెతకడానికి వీలుగా వస్తువుకు ఇచ్చే వివరణను తటస్థమైనదిగా భావిస్తాం. చరిత్ర ఇందుకు భిన్నంగా చెబుతున్నది. గ్రియర్సన్ నేతృత్వంలోని భారతీయ భాషా సర్వేక్షణకు అనుబంధంగా 1913–1929 మధ్య గ్రామఫోను ముద్రణలు జరిగాయి. వాటిలో తెలుగు కూడా ఉంది. ఎక్కువ ముద్రణల్లో బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథనే వేర్వేరు భాషల్లో చెప్పించారు. భాషలను పోల్చడమే వారి లక్ష్యం కాబట్టి వర్గీకరణకు భాష పేరు ఆధారమైంది. అదే సంచయంలో కథన శైలిని, గొంతులోని హావాన్ని వెతకదలచిన నేటి పరిశోధకునికి ఆ వర్గీకరణ దారి చూపదు. ప్రతి సూచికలోనూ దానిని కూర్చినవారి ప్రశ్న దాగి ఉంటుంది. పటాన్ని ‘చిత్రలేఖనం’ శీర్షిక కింద చేర్చిన మరుక్షణమే అది కథగా కనబడడం మానేస్తుంది.

లిఖితరూపం మీద ఆధారపడిన అన్వేషణ

ధ్వనిని యంత్రం చేత అక్షరాల్లోకి మార్పించి, ఆ అక్షరాల్లో వెతకడం నేడు ప్రచారంలో ఉన్న మార్గం. 2022లో వెలువడిన విస్పర్ నమూనాకు 6,80,000 గంటల ధ్వనితో శిక్షణ ఇచ్చారు. దానిలో తెలుగు కూడా ఉంది. ఇటువంటి సాధనాలు వార్తలను, ఉపన్యాసాలను చాలావరకు పట్టుకోగలవు. కథాగానం దగ్గర మూడు ఆటంకాలు ఎదురవుతాయి.

మొదటిది గానం. పాటలో అచ్చులు సాగుతాయి, పదం మధ్యలో విరుగుతుంది, వంత అడ్డు వస్తుంది, వాద్యధ్వని మాటను కప్పివేస్తుంది. రెండవది భాషా నిర్మాణం. తెలుగులో విభక్తులు, అవధారణలు, సంధులు చేరి ఒకే నామం అనేక రూపాలు పొందుతుంది. ‘భావనారుషి’ అని వెతికితే ‘బావనరిసికేమో’ దొరకకపోవచ్చు. మూడవది మాండలికం. యంత్రం తాను నేర్చిన ప్రమాణ రూపంవైపు మొగ్గి, కథకుడు ‘సెప్పిండు’ అంటే ‘చెప్పాడు’ అని రాసే అవకాశం ఉంది. ఈ మూడవదాన్ని దోషంగా గుర్తించడం కష్టం. ఫలితం చదవడానికి సాఫీగా ఉంటుంది, అన్వేషణ కూడా సులభమవుతుంది. కాని వెనుకటి సంపాదకులు ‘సంస్కరణ’ పేరుతో చేసిన పనినే యంత్రం మరింత వేగంగా, ఎక్కడ దిద్దిందో చెప్పకుండా చేస్తుంది. పద దోషాల శాతాన్ని లెక్కించే పరీక్షలో ప్రమాణ రూపమే సరైన సమాధానంగా ఉంటే, కథకుని ఉచ్చారణను యథాతథంగా రాసిన యంత్రమే తప్పు చేసినట్లవుతుంది.

ధ్వనితో ధ్వనిని వెతకడం

అక్షరం ప్రమేయం లేకుండా, పలికిన మాటను నమూనాగా ఇచ్చి ధ్వనిలోనే వెతికే పద్ధతి ఉంది. మీడియా ఇవాల్ సంస్థాగత పరీక్షల్లో 2011లో జరిగిన ‘స్పోకెన్ వెబ్ సెర్చ్’కు ఉపయోగించిన భాషల్లో తెలుగు ఒకటి కావడం గమనించదగింది. మాండలికాన్ని దిద్దని పద్ధతి కనుక ఇది మనకు ఆశాజనకమైనదే. దీనిలో విరివిగా వాడే కాల సమీకరణ విధానం నెమ్మదిగా పలికిన మాటను త్వరగా పలికిన మాటతో సరిపోల్చగలదు. అయితే సంభాషణలోని వేగభేదం వేరు, ఒకే అచ్చును తాళానికి అనుగుణంగా సాగదీసే రాగవ్యాప్తి వేరు. వచనభాగంలో ఫలించే పద్ధతి గేయభాగంలో అంతగా ఫలించకపోవచ్చు. అందువల్ల గేయ, వచన విభజనను ముందుగా గుర్తించాలి. ఈ విభజన ఛందస్సు, ప్రదర్శన తెలిసినవారు చేయవలసిన పని.

బొమ్మ, అర్థం

1990లలో వచ్చిన తొలి చిత్రాన్వేషణ వ్యవస్థలు రంగు, ఆకృతి, పోత వంటి లక్షణాలపై ఆధారపడ్డాయి. చేర్యాల పటాలకు ఎరుపు నేపథ్యం సాధారణ లక్షణం. రంగును ఆధారంగా తీసుకుంటే అన్ని గడులూ ఒకదానినొకటి పోలినట్లే తేలుతుంది. కంటికి కనబడే లక్షణానికీ చూసేవాడు గ్రహించే అర్థానికీ మధ్యగల ఈ ఎడాన్ని స్మ్యూల్డర్స్ బృందం 2000లో ప్రకటించిన సమీక్ష ‘అర్థగత అంతరం’గా నిర్వచించింది. నేటి నమూనాలు ‘పులి మీద కూర్చున్న పురుషుడు’ అని చెప్పగలవు. అతడు భావనారుషి అని, ఆ పులి వెనుక ఒక కులం తన పుట్టుకను గురించి చెప్పుకొనే కథ ఉందని బొమ్మ ఒక్కటే చెప్పలేదు. ఆ సమాచారం కథకుని నోట ఉంది. కాబట్టి బొమ్మను బొమ్మగా కాక, అది చూపబడిన క్షణంతో కలిపి నమోదు చేయాలి.

ఖండం, సందర్భం

అన్వేషణ స్వభావరీత్యా ఖండాన్ని అందిస్తుంది. కులపురాణంలో ఒక కులం ఔన్నత్యం, మరొక కులం ప్రస్తావన, శాపం, పరిహాసం కలగలిసి ఉంటాయి. రాత్రి పొడవునా విన్న కుల సమూహానికి అవి కథలో భాగాలు. ముప్పై సెకన్ల ముక్కగా తెరపై చూసేవారికి అవి దూషణలు కావచ్చు. ఆ కథకుడు ఆ కులంవారి ఎదుట పాడడానికి అంగీకరించాడు తప్ప, ఏ మాటనైనా ఎవరైనా విడదీసి చూపడానికి అనుమతి ఇవ్వలేదు. వెతుకులాట ఎంత సమర్థమైతే ఈ ప్రమాదం అంత పెరుగుతుంది. కనుక దొరికిన ప్రతి ఖండానికీ ముందువెనుకల ఘట్టం, కథకుని పేరు, ప్రదర్శన సందర్భం విడదీయరాని భాగాలుగా ఉండాలి. ఏ భాగాలు బహిరంగంగా ఉండవచ్చునో నిర్ణయించడంలో కథకులకు, ఆయా కులాలవారికి పాత్ర ఉండాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని కర్తవ్యాలు తేలుతున్నాయి. ఒకే ప్రదర్శనకు కాలరేఖపై వేర్వేరు పొరలు ఉండాలి: పలికినది పలికినట్లు రాసిన పాఠం, అన్వేషణకు మాత్రమే ఉపకరించే ప్రమాణ రూపం, గేయ–వచన విభజన, కర్ర చూపిన గడి. ఇలాంటి పొరలను కాలంతో జతచేసే ఎలాన్ వంటి ఉచిత సాధనాలు ఇప్పటికే ఉన్నాయి. ప్రమాణ రూపం పాఠం స్థానాన్ని ఆక్రమించరాదు. ఘట్ట విభజనకు నిమిషాలను కాక కథకుడు గుర్తించే విరామాలను ఆధారంగా తీసుకోవాలి. యంత్రాల సామర్థ్యాన్ని జానపద పరిశోధకులు నిజంగా అడిగే ప్రశ్నలతో పరీక్షించాలి.

ఈ పని శ్రమతో కూడినది. పది ప్రదర్శనలను ఈ విధంగా సిద్ధం చేయడానికి పట్టే కాలంలో వెయ్యి ప్రదర్శనలను యంత్రానికి అప్పగించవచ్చుననే వాదన సహజం. అయితే ఆ వేయింటిలో దొరికేది యంత్రం దిద్దిన తెలుగైతే, దొరకనిది ఏమిటో అడిగేవారు కూడా ఉండరు. ముందుగా పది ప్రదర్శనలను సరిగా సిద్ధం చేస్తే, మిగిలిన వాటిలో యంత్రం ఎక్కడ తప్పుతున్నదో చెప్పే కొలమానం మనకు దక్కుతుంది. ప్రాచీన కావ్యాలకు పాఠపరిష్కరణ సూత్రాలను ఏర్పరచుకొన్న తెలుగు శాఖలు, ప్రదర్శన పాఠానికి కూడా అటువంటి సూత్రాలను రూపొందించవలసి ఉంది.