రోగి అడిగే ప్రశ్న

డాక్టర్ల గురించి మన కథల్లో రెండు మూసలు స్థిరపడిపోయాయి. ఒకడు దేవుడు, ఫీజు పుచ్చుకోకుండా అర్ధరాత్రి వచ్చి ప్రాణం పోస్తాడు. రెండోవాడు రాక్షసుడు, డబ్బు కట్టందే శవాన్నయినా అప్పగించడు. రెండింటిలోనూ రోగికి నోరుండదు. మొదటి కథలో చేతులు జోడిస్తాడు, రెండో కథలో చచ్చిపోతాడు. అతనికి కావలసిందేమిటో రచయిత అడగడు. అలా అడిగిన రెండు రష్యన్ రచనల్ని పక్కపక్కన పెట్టి చూడాలనుకుంటున్నాను: టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' (1886), చెహోవ్ 'ఆరో నంబరు వార్డు' (1892).

ఇవాన్ ఇల్యీచ్ న్యాయాధికారి. పేరుమోసిన డాక్టర్ల దగ్గరికే వెళ్లగల తాహతు ఉన్నవాడు. అతను కోరేది ఒక్క ప్రశ్నకు జవాబు: నా జబ్బు ప్రమాదమా, కాదా? డాక్టరుకు ఆ ప్రశ్నే పట్టదు. జారిన మూత్రపిండమా, పేగు జబ్బా అన్నదే ఆయన సమస్య. కళ్లద్దాల మీదుగా చూసిన ఆ చూపు రోగికి బాగా తెలిసినదే. ఇన్నాళ్లూ కోర్టులో ముద్దాయిల వంక తాను చూసిన చూపే అది. ఒక డాక్టరు దురుసుతనంతో టాల్‌స్టాయ్ ఆగలేదు. ఎదుటి మనిషిని కేసుగా మార్చుకుని బతికే వర్గం స్వభావాన్నే బయటపెట్టాడు.

చివరికి ఊరటనిచ్చినవాడు గెరాసిమ్ అనే పల్లెటూరి పనివాడు. రోగి కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటిల్లిపాదీ, వైద్యులూ ఆడే అబద్ధం అతనొక్కడే ఆడడు. టాల్‌స్టాయ్ గొప్పతనం ఇక్కడుంది, పరిమితీ ఇక్కడే ఉంది. గెరాసిమ్‌కే జబ్బు చేస్తే అతని కాళ్లు ఎవరు పట్టుకుంటారు?

ఆ ప్రశ్న చెహోవ్ వేశాడు. స్వయంగా డాక్టరైన ఆయన 1892లో కలరా భయం వచ్చినప్పుడు మేలిఖొవొ చుట్టుపక్కల పల్లెల్లో జీతం లేకుండా పనిచేశాడు. ఆయన కథలోని ఆసుపత్రి మొత్తానికి ఆపరేషన్ కత్తులు రెండే. థర్మామీటరు ఒక్కటీ లేదు. స్నానాల తొట్లలో బంగాళాదుంపలు. డాక్టర్ రాగిన్ చెడ్డవాడేం కాదు. కొత్తలో పొద్దుటి నుంచి భోజనం వేళదాకా రోగుల్ని చూశాడు. ఇవాళ 30 మంది, రేపు 35, ఎల్లుండి 40. ఏడాదికి 12,000 మందిని చూశామంటే 12,000 మందిని మోసం చేసినట్టేనని లెక్క తేల్చుకున్నాడు. లెక్క సరయినదే. దాన్నుంచి తీసిన ముగింపు చూడండి: శాంతి మనిషి లోపలే ఉందట! ఆసుపత్రికి రోజూ వెళ్లడం మానేసి పుస్తకాల్లో పడ్డాడు. ఈ వేదాంతాన్ని వార్డులోని రోగి గ్రోమొవ్ చీల్చి చెండాడతాడు. రాగిన్‌కు అది ఒంటికి పట్టింది మాత్రం, తననే ఆ వార్డులో పెట్టి తలుపు వేసి, కాపలావాడు నికీతా గుద్దులు గుద్దినప్పుడే.

ఇలాంటి రచనల్ని 'మానవతా విలువలు' అన్న మాటతో సరిపెట్టేయడం మన విమర్శలో అలవాటయింది. డాక్టరు నవ్వుతూ మాట్లాడితే చాలన్నట్టు. రాగిన్ మర్యాదస్తుడే! గుమ్మం బయట 40 మంది నిలబడ్డప్పుడు ఆ మర్యాదలో ఒక్కొక్కరికి దక్కేదెంత? వసతులొక్కటే చాలునంటే, ఇవాన్ ఇల్యీచ్‌కు లేని వసతేముంది? రెండూ కలిపి చదివితేనే రోగి కోరిక పూర్తిగా వినిపిస్తుంది: నా బాధ విను, నిజం చెప్పు, ఉన్న వైద్యం నాకు అందేటట్టు చెయ్యి.

డబ్బు కట్టలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోరాదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేదవాడు పెద్దాసుపత్రి మెట్లెక్కాడు. అది చిన్న విషయం కాదు. అయితే తన ఒంటిమీద ఏ కోత, ఎందుకు పెడుతున్నారో అతనికి తెలిసే మాటల్లో ఎవరు చెబుతున్నారు? వేలిముద్ర వేయించుకున్న కాగితం అతనికి చదివి వినిపించారా? మన కథకులు ముట్టుకోవలసిన వస్తువు ఇదీ. డాక్టరు గుణగణాలు తూచింది చాలు. చేతులు జోడించిన ఆ మనిషి చేత ఇకనైనా ప్రశ్న అడిగించండి.