పాత తుపాకులపై తర్వాతి బ్లూయింగ్: తొలగింపు వాదంపై ఒక విమర్శ

పాత తుపాకుల సేకర్తలలో ఒక వాదం బలంగా వినిపిస్తుంది. తయారైన చాలాకాలానికి ఏ మరమ్మతుదారో ఎక్కించిన నీలిరంగును తీసివేస్తే అసలు వస్తువు బయటపడుతుందన్నది దాని సారాంశం. ఈ ఊహకు మూలం ‘నీలిపూత’ అనే మాటలోనే ఉంది. బ్లూయింగ్ పూత కాదు. ఉక్కు ఉపరితలంలోని ఇనుమే రసాయనచర్య వల్ల మాగ్నటైట్ అనే నల్లని ఆక్సైడుగా మారడం అది. దానిని ఆమ్లంతో కరిగిస్తే కింద మిగిలేది వట్టి ఉక్కు మాత్రమే. మరుగున పడిన తొలి వర్ణమేదీ అక్కడ ఉండదు.

1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్ ఇందుకు తగిన ఉదాహరణ. దాని గొట్టానికి, సిలిండరుకు సాధారణంగా నీలిరంగు ఉండేది. చట్రాన్ని మాత్రం ఎముకబొగ్గులో పెట్టి కాల్చి నీటిలో ముంచేవారు. అందువల్ల నీలం, గోధుమ, బూడిద వన్నెలు కలగలిసిన మరకలు ఏర్పడేవి. తర్వాతి మరమ్మతులలో చట్రానికీ నీలిరంగు ఎక్కించిన ప్రతులు కనిపిస్తాయి. ప్రత్యేక ఆర్డరుపై కర్మాగారం నుంచే పూర్తి నీలిరంగుతో వెలువడినవీ ఉన్నాయి గనుక రంగును బట్టి మాత్రమే తీర్పు చెప్పడం తొందరపాటు. అది నిజంగా తర్వాతిదే అయినా, అసలు నష్టం రంగు వల్ల జరిగినది కాదు. రంగు ఎక్కించే ముందు లోహాన్ని సానబట్టి మెరుగుపెడతారు. అంచులు గుండ్రబడేది, మరల రంధ్రాల చుట్టూ పల్లాలు పడేది, ముద్రలూ సంఖ్యలూ పలచబడేది అప్పుడే. బ్లూయింగును తొలగించినంత మాత్రాన వీటిలో ఒక్కటీ వెనక్కి రాదు.

తెలుగు పాఠపరిష్కర్తలకు ఈ చిక్కు కొత్తది కాదు. ప్రక్షిప్తమని తోచిన పద్యాన్ని పరిష్కర్త మూలం నుంచి తప్పించి అధోజ్ఞాపికలో చూపుతాడు. తాళపత్రం మాత్రం చెక్కుచెదరదు. రేపు మరొకరు ఆ నిర్ణయాన్ని తిరగదోడవచ్చు. లోహానికి అధోజ్ఞాపిక లేదు. 1963లో వెలువడిన తన పునరుద్ధరణ సిద్ధాంత గ్రంథంలో చేజారే బ్రాందీ చేసిన హెచ్చరిక కూడా ఇటువంటిదే: చేర్పు తానే ఒక చారిత్రక పత్రం, తొలగింపు ఆ పత్రాన్ని నాశనం చేస్తుంది, తన జాడను మాత్రం మిగల్చదు.

పైగా తర్వాతి పనులన్నీ ఒకే కోవకు చెందవు. అమెరికా సైన్యం 1895 నుంచి తన అశ్విక రివాల్వర్లలో అనేకాన్ని వెనక్కి రప్పించి, ఏడున్నర అంగుళాల గొట్టాలను ఐదున్నరకు కోయించి, భాగాలను కలగాపులగంగా బిగించి మళ్ళీ వాడుకలో పెట్టింది. సేకర్తలు వీటిని ‘ఆర్టిలరీ’ రకం అంటారు. ఆ సందర్భంలో ఎక్కిన రంగు కర్మాగారపు తొలిరంగు కాదు. కానీ దానిని తొలగించడమంటే సైనికచరిత్రను తుడిచివేయడమే. ఊరి మరమ్మతుదారు పనికి ఇంతటి విలువ లేకపోవచ్చు. అయినా అతడు వాడిన పద్ధతి కాలాన్ని పట్టిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో వ్యాపించిన వేడి క్షారలవణాల బ్లూయింగు సమమైన నలుపు, పాత బొగ్గు బ్లూయింగు లోతైన నీలిమతో సరిపోలదు.

అతుకులలో చిక్కుకున్న లవణాలు ఊరుతూ తుప్పును రేపుతున్నప్పుడు జోక్యం తప్పదు. అప్పుడు కూడా తొలగించవలసినది లవణాలను, తుప్పును, రంగును కాదు. విపణి సంగతి వేరు. రంగు పోయి బూడిదవన్నె తేలిన ఉక్కు, వందేళ్ళ వాడుకలో సహజంగా అరిగిన ఉక్కులా కనిపిస్తుంది. తర్వాతి బ్లూయింగుతో ఉన్న రివాల్వర్ తన మీద పని జరిగిందని కొనుగోలుదారుకు చెబుతుంది. ఆమ్లంలో మునిగి లేచినది అదే పనిని దాచిపెట్టి ఎక్కువ ధర అడుగుతుంది.