‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలలో వివాహం: షార్లెట్ లూకస్ నిర్ణయం – పునఃపరిశీలన

1. ప్రవేశిక

జేన్ ఆస్టిన్ (1775–1817) రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వెలువడింది. కథాక్రమంలో నాలుగు వివాహాలు జరుగుతాయి: షార్లెట్–కాలిన్స్, లిడియా–వికమ్, జేన్–బింగ్లీ, ఎలిజబెత్–డార్సీ. ఈ నాలుగింటినీ ఒక సోపానక్రమంలో అమర్చి చూడటం పరిపాటి. అవసరం కోసం చేసుకున్న పెళ్లి, ఆవేశంలో జరిగిన పెళ్లి కింది మెట్లపై నిలుస్తాయి. పరస్పర గౌరవంపై ఏర్పడిన ఎలిజబెత్ వివాహం పై మెట్టుకు చేరుతుంది. ఈ అమరికలో షార్లెట్ లూకస్ పాత్ర కథానాయిక ఔన్నత్యాన్ని ఎత్తిచూపే సాధనంగా మాత్రమే మిగిలిపోతుంది. అయితే నవల షార్లెట్‌ను నిజంగా ఖండించిందా? ఎలిజబెత్ తీర్పునూ రచయిత్రి తీర్పునూ ఒకటిగా భావించవచ్చా? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. వివాహానికి ఆర్థిక భూమిక

లాంగ్‌బోర్న్ ఎస్టేటు ఆదాయం ఏడాదికి 2,000 పౌండ్లు. అది పురుష వారసులకే సంక్రమించాలన్న నిబంధన ఉన్నందువల్ల బెన్నెట్ మరణానంతరం దూరపు బంధువైన కాలిన్స్‌కు చెందుతుంది. ఐదుగురు కుమార్తెలకూ తల్లికీ కలిపి మిగిలేది 5,000 పౌండ్లు. తల్లి మరణించిన తరువాత ఎలిజబెత్‌కు రాగల వాటా 1,000 పౌండ్లు. నాలుగు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 40 పౌండ్లు. కొడుకు పుడతాడన్న నమ్మకంతో బెన్నెట్ ఏమీ కూడబెట్టలేదు.

నాటి ఇంగ్లండు న్యాయవ్యవస్థలో వివాహిత సొత్తుపై అధికారం చాలావరకు భర్తదే. ఈ స్థితిని మార్చిన వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు 1870, 1882 సంవత్సరాలలో గాని రాలేదు. ఆస్తి లేని విద్యావంతురాలికి గవర్నెస్ కొలువో, సోదరుల ఆశ్రయమో తప్ప గౌరవప్రదమైన మార్గాలు అరుదు. ఈ స్థితి రచయిత్రికి స్వానుభవమే. 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విదర్ చేసిన వివాహ ప్రతిపాదనను ఆమె అంగీకరించి, మరునాటి ఉదయమే నిరాకరించింది. 1805లో తండ్రి మరణించాక తల్లితో, అక్కతో కలిసి సోదరుల సహాయంపై జీవించింది. 1809లో చాటన్‌లో సోదరుడు ఎడ్వర్డ్ ఇచ్చిన ఇంటిలో స్థిరపడింది. ఈ నవల హక్కులకు ఆమెకు దక్కిన ప్రతిఫలం 110 పౌండ్లు. నిరాకరణకు చెల్లించవలసిన మూల్యం ఎంతో తెలిసిన కలం షార్లెట్‌ను సృష్టించింది.

3. షార్లెట్ దృష్టి – దాని ప్రామాణికత

షార్లెట్ వయస్సు దాదాపు 27 ఏళ్లు. రూపసంపద, ధనసంపద రెండూ స్వల్పమే. ఆమెకు కాలిన్స్‌పై ప్రేమ లేదు, భ్రమ కూడా లేదు. స్థిరమైన ఇల్లు కావాలి, అంతే. పెళ్లి కుదిరిన వెంటనే ఆమె ఇంట్లో కలిగిన స్పందనను రచయిత్రి వ్యంగ్యంగా నమోదు చేసింది. తల్లి బెన్నెట్ ఇంకా ఎన్నేళ్లు జీవించగలడో అంచనా వేస్తుంది. అక్క అవివాహితగా మిగిలిపోతుందన్న భయం తీరి తమ్ముళ్లు ఊరట చెందుతారు. షార్లెట్ నిర్ణయం వెనుక ఉన్న ఒత్తిడిని ఏ ఉపన్యాసమూ లేకుండానే ఈ దృశ్యం తెలియజేస్తుంది.

ప్రణయ వ్యవహారంలో ఆమె పరిశీలన నిశితమైనది. జేన్ తన అనురాగాన్ని మరింత స్పష్టంగా ప్రకటించకపోతే బింగ్లీ చేజారవచ్చునని ఆమె ముందే హెచ్చరిస్తుంది. ఎలిజబెత్ ఆ మాటను తేలికగా తీసుకుంటుంది. జేన్ ఉదాసీనంగా ఉన్నదని నమ్మినందువల్లనే బింగ్లీని దూరం చేశానని డార్సీ తన లేఖలో వివరించినప్పుడు షార్లెట్ హెచ్చరిక అక్షరాలా నిజమైనట్లు తేలుతుంది. ఆమె వివాహ సిద్ధాంతంతో ఏకీభవించని పాఠకుడైనా ఆమె లోకజ్ఞానాన్ని తోసిపుచ్చలేడు.

4. ఎలిజబెత్ ద్వంద్వ ప్రమాణం

స్నేహితురాలి నిర్ణయం విని ఎలిజబెత్ దిగ్భ్రాంతి చెందుతుంది. ఆ స్నేహంలో ఇక పూర్వపు విశ్వాసం ఉండదని భావిస్తుంది. కొంతకాలానికి వికమ్ ఆమెను విడిచి, 10,000 పౌండ్లు కొత్తగా సంక్రమించిన మిస్ కింగ్ వైపు మొగ్గుతాడు. ధనాపేక్ష ఇక్కడా స్పష్టమే. అయినా ఎలిజబెత్ అతణ్ణి క్షమిస్తుంది. అందగాడైన యువకుడికీ బతుకుతెరువు కావాలి కదా అని సమర్థిస్తుంది. షార్లెట్ విషయంలో ఉన్నంత స్పష్టత ఆమెకు ఈ విషయంలో లేదని కథకురాలే సూచిస్తుంది. ఇదే నవలకు కీలకమైన చోటు. స్త్రీలో నీచమనిపించిన ఆర్థిక వివేకం, ఇష్టమైన పురుషునిలో సహజమనిపించింది. శీర్షికలోని దురభిప్రాయం డార్సీ పట్ల మాత్రమే కాక, షార్లెట్ పట్ల కూడా పనిచేసింది.

5. హన్స్‌ఫర్డ్: ఒక వివాహానికి మరొకటి ఋణపడటం

ఎలిజబెత్ హన్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు షార్లెట్ సంసారాన్ని ప్రత్యక్షంగా చూస్తుంది. ఇంటి వెనుకవైపు గదిని తన నివాసంగా ఎంచుకోవడం, భర్తను తోటపనికి ప్రోత్సహించడం, ఆయన అసందర్భపు మాటలను విననట్టు ఉండటం – ఇవి ఆమె తన కోసం నిర్మించుకున్న చిన్న స్వేచ్ఛలు. ఇందులో ఆనందం ఉందని నవల చెప్పదు, పరాజయమనీ చెప్పదు. ఆ మౌనం విలువైనది.

కథానిర్మాణ దృష్ట్యా మరొక అంశం గమనార్హం. షార్లెట్ పెళ్లి జరగకపోతే ఎలిజబెత్‌కు కెంట్ ప్రయాణం లేదు. డార్సీ తొలి ప్రతిపాదన, లేఖ, ఆత్మపరిశీలన ఏవీ అక్కడ జరగవు. ప్రేమవివాహానికి తలుపు తెరిచింది ప్రయోజన వివాహమే.

లిడియా ఉదంతం ఈ లెక్కను మరింత స్పష్టం చేస్తుంది. వికమ్ 1,000 పౌండ్లకు మించిన అప్పులు, లిడియా పేర అదనంగా 1,000 పౌండ్లు, సైన్యంలో అధికారి పదవి కొనుగోలు – ఇవన్నీ డార్సీ భరించాడు. షార్లెట్ తన వివాహానికి ఎవరి చేతా ఇలా మూల్యం చెల్లింపజేయలేదు, చెల్లించింది తానొక్కతే.

6. ముగింపు

ఎలిజబెత్ నిరాకరణల ఘనత దీనివల్ల తగ్గదు. ఏడాదికి 40 పౌండ్ల భవిష్యత్తును ఎదుట పెట్టుకొని కాలిన్స్‌ను, తరువాత 10,000 పౌండ్ల వార్షికాదాయం గల డార్సీని తిరస్కరించడం నిజమైన సాహసం. కాని ఆ సాహసానికి పెంబర్లీ రూపంలో ఫలం దక్కడం కథ ప్రసాదించిన అదృష్టం. అటువంటి అదృష్టం దక్కని స్త్రీ ఏం చేయాలన్న ప్రశ్నకు నవలలో ఉన్న సమాధానం షార్లెట్. గౌరవం లేని పెళ్లి ఎంత దుర్భరమో బెన్నెట్ దంపతుల జీవితం చూపుతుంది. ఆధారం లేని ఒంటరితనం ఎంత భయంకరమో షార్లెట్ నిర్ణయం చూపుతుంది. ఆస్టిన్ ఈ రెండు సత్యాలలో ఏ ఒక్కదాన్నీ రద్దు చేయలేదు. కాబట్టి ఈ నవలను ప్రేమ సాధించిన విజయగాథగా మాత్రమే బోధించడం అసమగ్రం. ఎంపిక చేసుకునే అవకాశమే అసమానంగా పంచబడిన సమాజంలో, ఎంపికను బట్టి మాత్రమే వ్యక్తిని తూచడం న్యాయమా అన్న ప్రశ్నగా కూడా దీన్ని చదవాలి.