పక్షపాతము లేని కుంచె

ఛాయాచిత్రమును వర్ణచిత్రముగా మార్చు విద్య నేడు ఎంత సులభసాధ్యమైనదనగా, ఏనాడును కుంచె పట్టి యెఱుగనివాడు సైతము, ఫోటోషాపులో ‘ఆయిల్ పెయింట్’ అను ఫిల్టరును ఎంచుకొని, స్టైలైజేషన్, క్లీన్లీనెస్, స్కేల్, బ్రిసిల్ డీటెయిల్ అను నాలుగు మీటలను అటునిటు జరిపి, చేతిలోని చాయ్ చల్లారులోపలనే చిత్రకారుడనిపించుకొనగలడు. ఈ సౌలభ్యమును చూచి ముక్కు విఱచువారి పక్షమున నేను లేను. కెమెరా మెడలో వేసికొని హైదరాబాదులోని మలక్‌పేట వీథులలో తిరుగుటయు, ఇల్లు చేరి ఆ బొమ్మలను కంప్యూటరు తెఱపై పఱచుకొని రంగులు మెదుపుటయు నాకు మిక్కిలి ప్రీతికరమైన కాలక్షేపములు. అయినను ఈ పనిలో చేయి తిరిగినకొలది ఒక అభిప్రాయము నాలో గట్టిపడుచు వచ్చినది: యంత్రము వేసిన చిత్రమున నైపుణ్యమునకు కొదువ లేదు గాని, పక్షపాతము బొత్తిగా లేదు.

మాట స్పష్టమగుటకై ఒక బొమ్మను దగ్గఱగా చూతము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను పేర వెలసి, నేడు శిథిలావస్థలోనున్న మహబూబ్ మాన్షను చెంత, మలక్‌పేట గంజులో, ఉల్లిగడ్డల బస్తాల వరుసకు ఆనుకొని కూర్చున్న ఒక హమాలీని, ఆయన సరేయన్న పిమ్మటనే, ఫోటో తీసితిని. ప్రక్కనుండి పడుచున్న ఉదయపుటెండలో గోనె నేత పోగుపోగుగా కనబడుచుండెను. రాలిన ఉల్లిపొట్టు గులాబి, తామ్ర వర్ణములలో ఎగిరెగిరి ఆయన కాళ్లకడ పేరుకొనియుండెను. భుజముపైని తువాలు, చేతిలోని కొక్కెము, నుదుటి ముడుతలు, అన్నింటిని కెమెరా తనకు సహజమైన సమదృష్టితో గ్రహించినది. దానిపై ఫిల్టరు నడుపగా గోనె పోగులు మెలికలు తిరిగిన లావుపాటి గీతలైనవి, ఉల్లిపొట్టు అంచులు తడిరంగు పూసిన రీతిని మెఱసినవి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అదే మెలిక, అదే మెఱుపు, అదే వెడల్పు గల గీత నుదుటిపైకిని కనుఱెప్పలపైకిని ప్రాకి, ఆ మనిషిని సైతము బస్తాల లెక్కలో జమకట్టినది.

ఇందులకు సాఫ్ట్‌వేరును తప్పుపట్టి ప్రయోజనము లేదు. దాని గణితమే అట్టిది. ఇట్టి చిత్రలేఖన ప్రభావములకు ఉపకరించు పద్ధతులలో ఒకటి 1976లో జపాను పరిశోధకుడు కువహరయు ఆయన సహచరులును ప్రకటించినది. వారి దృష్టి అప్పుడు చిత్రకళపై లేదు, వైద్యులు హృదయమును పరీక్షించుటకై తీయు చిత్రములలో చుక్కచుక్కలుగా కనబడు మలినమును అంచులు చెదరకుండ తుడిచివేయుటపై ఉండెను. ప్రతి పిక్సెలు చుట్టును నాలుగు చిన్న చదరములను కల్పించి, ఏ చదరములో రంగుల హెచ్చుతగ్గులు అతిస్వల్పములో దాని సగటు రంగును ఆ పిక్సెలునకు పులుముటయే ఆ పద్ధతిలోని సారము. అందుచేత సన్నని వివరములు కరగి చదునైన పొరలుగా పేరుకొనును, గట్టి అంచులు మాత్రము నిలుచును. ఆ పొరలను చూచి మన కన్ను కుంచె విసురని భ్రమపడును. రోగి గుండెను స్పష్టపఱచుటకు పుట్టిన లెక్క గంజులోని ఉల్లిపొట్టునకు రంగు పూయుట ఎప్పుడు తలచుకొన్నను నాకు వింతగనే తోచును. ఆ లెక్కకు కన్నును కొక్కెమును ఒక్కటే.

మలక్‌పేటలోనే ఒక చిన్న స్టూడియోలో పనిచేయు యువకుడు ఈ సంగతిని నాకంటె క్లుప్తముగా చెప్పినాడు. పెండ్లి ఆల్బములు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, కాలము చేసినవారికి పటము కట్టించుటకై ఇంటివారు వెదకి తెచ్చిన నలిగిన ఫోటోలు, వీనిని ఆ పనివారు ‘స్మడ్జ్ పెయింటింగ్’ అను పద్ధతిలో తీర్చుదురు. అనగా, ముఖములోని వెలుగునీడలు ఏ దిక్కునకు ఒఱగుచున్నవో ఆ దిక్కుననే స్మడ్జ్ టూలుతో రంగును చేతితో మెదుపుచు, వెండ్రుకలను మాత్రము వేఱొక లేయరుపై పోగుపోగుగా గీయుదురు.

“కండ్లకాడ ఫిల్టర్ వెట్టద్దు సార్, మనిషే పోతడు” అని అతడు నాతో అనెను.

“మరి చర్మాన్ని అంత నున్నగా చేశావేమిటి బాబూ?”

“గిరాకీలు గట్లనే అడుగుతరు సార్.”

గిరాకీలు కోరు ఆ నునుపు చిత్రమునకు పరమశత్రువని నా నమ్మకము, ఆ విషయమున నేను రాజీపడను. నాకు గిరాకీలు లేరు గనుక ఆ పట్టుదల నాకు చెల్లినది.

ఫోటోకు చిత్రకారుని చేయి తగిలించు తహతహ కంప్యూటరుతో పుట్టినది కాదు. 1857లో రెజ్లాండర్ అను ఛాయాగ్రాహకుడు ముప్పదికి పైగా నెగటివులను జతకూర్చి ఒక్క చిత్రముగా అచ్చొత్తెను. మఱుసటి సంవత్సరమే హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగటివులతో ఒక యువతి అవసాన దృశ్యమును కల్పించెను. మన నగరమున, 1844లో మీరట్ చెంత సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కొలువు చేసి, పిదప ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడై ముసవ్విర్ జంగ్ బిరుదమందిన రాజా దీన్‌దయాళ్, సికింద్రాబాదులో స్టూడియో నడుపుటయే గాక, 1892లో పరదా పాటించు స్త్రీలకొఱకు ఒక ఆంగ్ల వనిత పర్యవేక్షణలో ప్రత్యేకముగా జెనానా స్టూడియోను నెలకొల్పెను. ఆ కాలమున దేశమంతటను స్టూడియోలలో కెమెరా పట్టువానితోపాటు రంగులద్దువాడును ఉండెడివాడు. ఆ సంప్రదాయము మన తాతల తరముదాక సాగినదనుటకు పాత ఇండ్ల గోడలపైని పటములే సాక్ష్యము: చెక్కిళ్లకు కొంచెము గులాబి, ముక్కుపుడక రాతికి ఒక్క ఎఱ్ఱని చుక్క, చీర అంచునకు సన్నని పసిమి అద్ది, వెనుకనున్న సీనరీ తెఱను, క్రిందనున్న తివాచీని బూడిదరంగులోనే వదలిపెట్టిరి. ఇంటివారి గర్వమెక్కడ నున్నదో అద్దినవాని కుంచె అచ్చటనే వాలినది. ఆ పటములలో శరీరశాస్త్రము తప్పియుండవచ్చును, కనుబొమ్మలు ఉన్నదానికంటె నల్లనై యుండవచ్చును. అయినను నేటి ఫిల్టరులలో దేనికిని లేని పక్షపాతము వానిలో పుష్కలముగా కలదు.

2015లో జర్మనీయందు గాటిస్, ఎకర్, బెత్గె అను మువ్వురు శాస్త్రజ్ఞులు ట్యూబింగెన్ నగరపు నదీతీరపు ఫోటోను కంప్యూటరుచేత వాన్ గో నక్షత్రరాత్రి శైలిలోనికి మార్చి చూపిరి. మఱుసటి ఏడు ప్రిస్మా అను యాపు వచ్చి ఆ ముచ్చటను అందఱి జేబులలోనికి చేర్చినది. మూసారాంబాగ్ వంతెన కడ మూసీని నేనును ఆ వేషమున చూచితిని. సుడులు రమణీయములే, కాని అవి 1889లో సేంట్ రెమీ చికిత్సాలయమున ఒక వ్యాకులచిత్తుడు తన కిటికీనుండి చూచిన ఆకాశమునుండి ఎరువు తెచ్చినవి. మూసీపైని ఆకాశమునకు దుమ్మును పొగయు కలసిన తనదైన పసుపు కలదు, దానిని చూచి వేయువాడు వేఱే ఉండవలెను.

కావున ఫిల్టరును నేను విసర్జింపను, ముక్కలుగా వాడుదును. ఒకే ఫోటోకు మూడు లేయర్లు తీసి, మొదటిదానిపై లావు గీత, రెండవదానిపై సన్నని గీత నడిపి, మూడవదానిని ముట్టక వదలి, పిదప మాస్కులపై నల్లని బ్రష్షుతో ఎక్కడ ఏది కనబడవలెనో తెఱచుకొనుచు పోవుదును. హమాలీ బొమ్మలో వెనుకనున్న గోడకును లారీకిని లావు గీత, బస్తాలకు సన్ననిది; ముఖమునకు ఫిల్టరే లేదు, పెన్ టాబ్లెట్‌పై చేతితో మెదిపిన రంగే. కొక్కెము కొనయందు మాత్రము ఫోటోను ఉన్నదున్నట్లు వదలితిని, ఇనుము అంచున మెఱయు ఆ వెలుగు ఏ కుంచెకును లొంగలేదు గనుక.

క్రొత్తవారు తఱచు మఱచునది కొలత. 12×18 అంగుళముల ప్రింటునకు, అంగుళమునకు 300 పిక్సెళ్ల లెక్కన, 3,600×5,400 పిక్సెళ్లు కావలెను. తెఱపై దగ్గఱగా చూచునప్పుడు బలిసిన కుంచెదెబ్బగా కనబడు పది పిక్సెళ్ల గీత ఆ కాగితముపై ఒక మిల్లీమీటరైనను ఉండదు. పావు అంగుళపు కుంచె జాడ కావలెనన్నచో గీత 75 పిక్సెళ్లుండవలెను. అందుచే బొమ్మను ముందు చిన్నది చేసి, ఫిల్టరు నడిపి, మరల పెంచుకొనుట మేలు. క్యాన్వాసుపై ముద్రింపదలచినవారు బ్రిసిల్ డీటెయిల్ మీటను తగ్గించుకొనవలెను, గుడ్డ నేత తన వంతు గరుకును ఎట్లును కలుపును. ల్యాబువారు ఎంత చెప్పినను గ్లాసీ కాగితము మాత్రము వలదు: చిత్రములో ఫిల్టరు కల్పించిన ‘షైన్’ అను మెఱుపు ఒక దిక్కునుండియు, గోడకు తగిలించిన పిదప ట్యూబులైటు వేఱొక దిక్కునుండియు మెఱసి, వచ్చిన చుట్టములకు ఇద్దఱు సూర్యులు గల మలక్‌పేటను చూపవలసివచ్చును.