గీతను చెరిపే గీత

మా గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు మచ్చలుండేవి. రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దవి, గుండ్రంగా, మెరుపు చచ్చిపోయి. అమ్మ వాటిని సబ్బుతో రుద్దింది, ముగ్గుపిండితో రుద్దింది. నేను ఇంట్లో లేనప్పుడు గిన్నెలు తోమే పీచుతో కూడా రుద్దిందని అక్కడి గీతలే చెప్పాయి. మచ్చలు మాత్రం పోలేదు. నిరుడు చలువరాళ్లకి పాలిష్ పట్టిద్దామని పిలిస్తే వచ్చిన రాజస్థానీ మేస్త్రీ, చెప్పులు విడిచి లోపలికి రాబోతూ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గొంతుక్కూర్చుని, మచ్చ మీద గోటితో ఒకసారి రాసి చూసి, "నింబూ హై, మాజీ" అన్నాడు.

పదిహేనేళ్లుగా హైదరాబాదులో పని చేస్తున్న మనిషి. ఏ వీధికి వెళ్లినా ఇవే రెండు మచ్చలు కనిపిస్తాయట. అమావాస్యకి నిమ్మకాయని రెండు చెక్కలు చేసి, కుంకుమ అద్ది, గుమ్మానికి ఇరుపక్కలా పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. ఇంటికి దిష్టి తగలకుండా ఆగిందో లేదో గానీ, రాతికి మాత్రం నెలనెలా తగులుతూనే ఉంది.

"మరకైతే కడిగితే పోవాలిగా" అని అమ్మ వాదించింది. న్యాయమైన వాదనే. కానీ అది మరక కాదు, గాయం. భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై మళ్లీ స్ఫటికాలుగా పేరుకున్న సున్నపురాయే చలువరాయి. గవ్వలోనూ గుడ్డుపెంకులోనూ ఉండే కాల్షియం కార్బొనేటే దీనిలోనూ ఉంది. పులుపు తగిలితే కరుగుతుంది. నిమ్మరసం, చింతపండు గుజ్జు, వెనిగర్, బాత్రూమ్ కడిగే యాసిడ్, అన్నిటిదీ అదే పని, వేగంలోనే తేడా. కరిగిన చోట రాయి గరుకవుతుంది. గరుకు మీద పడ్డ వెలుగు తలోదిక్కుకీ చెదిరిపోతుంది. మనకి మచ్చలా కనిపించేది ఆ చెదిరిన వెలుగే. తుడవడానికి అక్కడ అంటుకున్నదేమీ లేదు, ఉన్నదే కొంత పోయింది. పోయినదాన్ని తెచ్చి అతికించలేం కాబట్టి, చుట్టూ ఉన్న రాతినే ఆ లోతు దాకా దింపాలి. సానపట్టడమంటే అదే.

పాలిష్ అన్న మాట ఈ పనికి కొంత అన్యాయం చేసింది. బూట్లకి పాలిష్, బీరువాకి పాలిష్ అంటే పైన ఏదో పూయడం. రాతికి కూడా ఏదో పూస్తారనే మనలో చాలామంది అనుకుంటాం. అందుకే డబ్బాలో ద్రావకం పట్టుకుని "గంటలో అద్దం చేసిస్తాం" అంటూ వచ్చేవాళ్లకి తలుపు తీస్తాం. చలువరాతి మెరుపు పైనుంచి వచ్చేది కాదు. అది రాతిలోనే ఉంది, గీతలు దాన్ని కప్పేశాయి. మేస్త్రీ మిషన్‌తో చేసేది కూడా, చూడబోతే, గీతలు పెట్టడమే. పెద్ద గీతని దానికంటే సన్న గీతతో చెరుపుతాడు, ఆ సన్నదాన్ని ఇంకా సన్నదానితో. గీత కంటికి అందనంత సన్నబడ్డాక వెలుగు చెదరడానికి తావుండదు, పడింది పడ్డట్టే వెనక్కి వస్తుంది. దాన్నే మనం మెరుపంటాం.

అందుకే ఈ వృత్తి అంతా నంబర్ల మీద నడుస్తుంది. నంబరు చిన్నదైతే రవ్వ పెద్దదని అర్థం. 60 నంబరు రాయి వేలికి తగిలితే పుళ్లు పడేంత బరక. 3000 నంబరు ప్యాడ్ ప్లాస్టిక్ మూతంత నున్నన. మధ్యలో 120, 220, 400, 600, 800, 1500, ఇలా మెట్లుంటాయి. ఒకప్పుడు అన్నీ కార్బోరండమ్ రాళ్లే, అంటే సిలికాన్ కార్బైడ్. ఇప్పుడు పారిశ్రామిక వజ్రపు పొడి పొదిగిన ప్యాడ్లు ఎక్కువ. కొత్త ఇల్లయితే 60 దగ్గరే మొదలుపెట్టాలి. గ్రానైట్ ఫ్యాక్టరీలోనే మెరిసి వస్తుంది గానీ, మన దేశపు చలువరాయిని చాలావరకు ముడిగానే పరుస్తారు. సందుల్లో రాతి రంగు కలిపిన తెల్ల సిమెంటు నింపి, అది గట్టిపడ్డాక మిషన్ ఎక్కిస్తారు. బండకీ బండకీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలన్నీ ఆ మొదటి నంబరే మింగాలి. మాది పాత నేల, కాళ్లకి తగిలే అంచులు లేవు. 120తో మొదలుపెట్టాడు.

పని సాగిన రెండు రోజులూ నేను ఆఫీసుకి సెలవు పెట్టి చూశాను. పని చూడాలని కాదు, టీవీకి నీళ్లు తగులుతాయేమోనని. కానీ చూడక తప్పలేదు. నీళ్లు పోస్తూ, మిషన్‌ని బండకి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నడుపుతాడు. పాలలాంటి తెల్ల బురద లేస్తుంది. దాన్ని వైపర్‌తో లాగి, కడిగి, మళ్లీ కడుగుతాడు. ఇంత కడగడం దేనికని అడిగితే చెప్పాడు. 120 నంబరు రవ్వ ఒక్కటి నేల మీద మిగిలిపోయి 400 ప్యాడ్ కింద ఇరుక్కుంటే చాలు, గదంతా చుట్టలు చుట్టలుగా గీతలు పడతాయి. ఆ రవ్వ తెచ్చిన నష్టాన్ని తీయాలంటే మళ్లీ 220కి దిగాలి. కాబట్టి నంబరు మార్చినప్పుడల్లా బకెట్లో నీళ్లు కూడా మార్చాలి.

ఇంకొకటి చేశాడు. కడిగిన నేలని గుడ్డతో పొడిగా తుడిచి, ఫ్యాను వేసి ఆరబెట్టి, జేబులోంచి పెన్సిల్ తీసి బండల మీద అక్కడక్కడా పిల్లల్లా పిచ్చిగీతలు గీశాడు. మళ్లీ మిషన్ నడిపాడు. పెన్సిల్ గీత ఎక్కడైనా మిగిలిందంటే అక్కడ ప్యాడ్ ఆనలేదన్నమాట, అంటే బండ పల్లంగా ఉంది. ఆ చోట మళ్లీ తిప్పాలి. తడి నేల మీద ఎవరి పనైనా అద్దమే. నీళ్లు గీతల్లోకి దిగి వాటిని నింపేస్తాయి, కన్ను మోసపోతుంది. ఆరాక చూసేవాడే మేస్త్రీ.

నంబరు దాటెయ్యడం ఈ పనిలో పెద్ద దొంగతనం. 120 నుంచి నేరుగా 600కి దూకితే పని సగం టైములో అయిపోతుంది. కానీ 120 వదిలిన లోతు గీతని తీసే బలం 600కి లేదు. దాని పైన మెరుపు తెస్తుంది, లోపల గీత అలాగే ఉంటుంది. ఆ రోజు దీపాల వెలుగులో బాగానే కనిపిస్తుంది. మర్నాడు పొద్దున కిటికీలోంచి ఏటవాలు ఎండ పడ్డప్పుడు చెప్పేస్తుంది నిజం. అంతా మేస్త్రీల తప్పు అనను. చదరపు అడుగుకి ఇంత అని బేరమాడి, అందులో ఇంకో రూపాయి కోసేది మనమే. మనం కోసిన ఆ రూపాయిని వాళ్లు నంబర్లలో కోసుకుంటారు.

చివరి మెట్టు పొడి. తగరపు ఆక్సైడ్ పొడిని కాస్త నీళ్లతో చిక్కగా కలిపి, మెత్తటి ప్యాడ్ కింద వేసి, అది ఆరిపోయే దాకా తిప్పుతారు. ఆగ్జాలిక్ యాసిడ్ కలిసిన పొడులు కూడా పాతకాలం నుంచి వాడుకలో ఉన్నాయి. మొజాయిక్ నేలల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఆ సిమెంటులోని చలువరాతి ముక్కల్ని తేల్చి మెరిపించింది ఇలాంటి మిషనే, ఇలాంటి తెల్ల బురదే.

రాతికి నునుపు తేవడం మన నేలకి మిషన్లతో పాటు వచ్చిందేమీ కాదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిని 1163లో, రామప్పని 1213లో కట్టారు. వాటి నల్లరాతి స్తంభాల మీద చేయి వేసి చూడండి. ఆ నల్లరాయి, డోలరైట్, చలువరాతికంటే ఎంతో గట్టిది, దాన్ని మోటార్లు లేకుండా అంత నునుపు చేశారు. ఇక అమరావతి శిల్పాలని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం వాళ్లు చాలాకాలం 'మార్బుల్స్' అన్నారు గానీ అవి పలనాటి సున్నపురాయి. చలువరాయి కాకపోయినా ఆ నునుపు చూసి ఎవరైనా పొరబడేలా ఉంటాయి.

చలువరాతి పనివాళ్లు మాత్రం ఎక్కువగా రాజస్థాన్ నుంచే రావడానికి కారణం ఆ రాయి అక్కడిది కావడమే. మక్రానా గనుల రాయి 1632లో మొదలైన తాజ్‌మహల్‌కి వెళ్లింది, 1921లో తెరిచిన కలకత్తా విక్టోరియా మెమోరియల్‌కి వెళ్లింది. 1976లో ప్రతిష్ఠ జరిగిన మన హైదరాబాదు నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికీ తెల్లరాయి రాజస్థాన్‌దే. మక్రానా పక్కనున్న కిషన్‌గఢ్‌లో చలువరాతి బురద పారబోసిన చోటు మంచుకొండలా తయారై, సినిమా పాటలు తీసుకునే విహారస్థలమైంది. ఆ బురద మన ఇళ్లలో కూడా తక్కువేమీ రాదు. దాన్ని డ్రైనేజీలోకి తోసెయ్యకండి, పైపులో పేరుకుని గట్టిపడుతుంది. తొట్టిలో పట్టి ఆరనిచ్చి, చెత్తలో వేయించండి.

తాజ్‌మహల్ పసుపెక్కుతోందని ముల్తానీ మట్టి పట్టీలు వేస్తారని పేపర్లలో చదివే ఉంటారు. అంత పేరున్న కట్టడానికి పాలిష్ ఎందుకు పట్టరు? ఎందుకంటే సాన ప్రతిసారీ కొంత రాతిని తినేస్తుంది. పువ్వులు పొదిగిన గోడని అరగదీయడమంటే పువ్వుని అరగదీయడమే. మురికి పట్టితే మట్టి పట్టీ, గాయమైతేనే సాన. మన ఇళ్లకీ ఇదే లెక్క. బండ మందం 16 నుంచి 20 మిల్లీమీటర్లు. ఏడాదికోసారి ముచ్చటపడి పాలిష్ పట్టించడం ఆస్తిని కొంచెం కొంచెం కడిగి పారబోయడమే.

ఇక నా మాట. మేస్త్రీ అడిగాడు, "మిర్రర్ కావాలా, మ్యాట్ చాలా?" అని. మిర్రర్ అంటే 3000 దాకా వెళ్లి పొడి వేసేది. మ్యాట్ అంటే 220, 400 దగ్గర ఆగిపోయేది. గుడ్డుపెంకు మీది నునుపులాంటిది, మెరవదు, కానీ చేయి వేస్తే జారిపోతుంది. బంధువులందరూ మిర్రర్ అనే అన్నారు. నేను హాల్లో మాత్రమే అద్దం ఉంచి, వంటింట్లో, పూజగదిలో, బాత్రూమ్ ముందర, గుమ్మం దగ్గర మ్యాట్ చేయించాను. పులుపు పడితే అద్దం మీద గాయం దూరానికే కనిపిస్తుంది, మ్యాట్ మీద వెతకాలి. పూజగదిలో ఇత్తడి కుందులు చింతపండుతో తోమి తడిగా పెట్టే అలవాటున్న ఇళ్లకి మ్యాట్‌ని మించింది లేదు. పైగా డెబ్బై ఏళ్ల అమ్మ తడికాళ్లతో నడిచే చోట అద్దం పరచడం నాకు తెలివితక్కువగా తోచింది.

హోటళ్లు, ఆస్పత్రులు, నగల దుకాణాల సంగతి వేరు. అక్కడి శత్రువు నిమ్మకాయ కాదు, ఇసుక. కాఠిన్యం కొలిచే మోస్ కొలబద్దలో చలువరాయి 3 దగ్గర ఉంటే, ఇసుకలోని క్వార్ట్జ్ 7. చెప్పుల కింద అంటుకొచ్చిన ఇసుక రోజంతా ఎవరూ అడగకుండానే సానపడుతూ ఉంటుంది, అదీ బరక నంబరుతో. లిఫ్టు నుంచి రిసెప్షన్ దాకా మాసిన దారి ఒకటి పడుతుంది చూడండి, అదే. అందుకే ఇలాంటి చోట్ల పని రాత్రి పదకొండు తర్వాత మొదలై తెల్లవారేలోగా అవుతుంది. గుడుల్లో ఇంత అరుగుదల కనిపించకపోవడానికి కారణం చెప్పులు బయట విడవడమే. వాకిట్లో కాళ్లు తుడుచుకునే పెద్ద పట్టాలు రెండు, ఒకటి బయట ఒకటి లోపల, వేసుకుంటే సగం పాలిష్ ఖర్చు మిగిలినట్టే.

మెగ్నీషియం ఫ్లోరోసిలికేట్ ద్రావకం చల్లి స్టీలు ఉన్నితో తిప్పే 'క్రిస్టలైజేషన్' మీద పనివాళ్లలోనే తగాదా ఉంది. పైపొరని గట్టిపరుస్తుందని కొందరు, రాతికి ఊపిరాడనివ్వదని కొందరు. సాన సరిగ్గా పట్టిన నేలకి అది అక్కర్లేదన్నది మా మేస్త్రీ వాదం, నేను అటువైపే. సీలర్ గురించి మాత్రం ఒక భ్రమ వదులుకోవాలి. అది నూనె, పసుపు లోపలికి ఇంకడాన్ని ఆలస్యం చేస్తుందంతే. పులుపు చేసే గాయాన్ని ఆపదు. గ్యాస్ సిలిండర్ కింద పడే తుప్పు వలయం లోపలికి దిగితే సానకి కూడా ఓ పట్టాన లొంగదు. సిలిండర్‌ని చక్రాల స్టాండు మీద పెట్టండి.

పని ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి హాలు మధ్యలో చూడకండి. ఆ మేస్త్రీ ఇదివరకు చేసిన ఇంటికి వెళ్లి గోడ వారన చూడండి. పెద్ద మిషన్ గోడ దాకా పోదు. చివరి నాలుగు అంగుళాలు, మెట్ల అంచులు, తలుపు వెనక మూల, ఇవన్నీ చిన్న మిషన్‌తో మోకాళ్ల మీద కూర్చుని అన్ని నంబర్లూ మళ్లీ తిప్పాల్సిన చోట్లు. ఫోను లైటు నేలకి ఆనించి పట్టుకుంటే మధ్యకీ అంచుకీ మెరుపులో తేడా తెలిసిపోతుంది. తేడా లేకపోతే ఆ మనిషి అడిగినంత ఇవ్వండి. ఏయే నంబర్లు తిప్పుతాడో ముందే కాగితం మీద రాయించుకోండి, ఒక మూల నమూనా చేయించి ఆరాక చూడండి.

మా గుమ్మం మచ్చలు రెండో రోజు మధ్యాహ్నానికి పోయాయి. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, వేలితో తడిమి, ఏమీ అనకుండా అతనికి రెండో గ్లాసు మజ్జిగ ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన అమావాస్యకి నిమ్మచెక్కలు మామూలుగానే వెలిశాయి. కాకపోతే ఒక్కోదాని కింద ఒక్కో స్టీలు మూత ఉంది.