సగటు వ్యయం దాచిన షరతు: ఆరోగ్య నిర్వహణ విద్యార్థుల ఆర్థికశాస్త్ర పాఠంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఆరోగ్య నిర్వహణ ప్రధానాంశంగా డిగ్రీ చదివే విద్యార్థులకు బోధించే ప్రారంభ ఆర్థికశాస్త్రం చాలావరకు వాణిజ్య విద్యార్థుల పాఠానికి నకలుగానే ఉంటున్నది. ఈ పాఠం వైద్యసేవల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతవరకు పనికివస్తుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో జరిగిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల ఉదంతాన్ని గీటురాయిగా తీసుకుని, డిమాండు, సగటు వ్యయం, ప్రోత్సాహకాలు అనే మూడు భావనల బోధనను ఇందులో విమర్శించడమైనది.

కీలకపదాలు: ఆరోగ్య ఆర్థికశాస్త్రం, పాఠ్యక్రమం, సగటు వ్యయం, సమాచార అసౌష్ఠవం, ఇబ్రహీంపట్నం.

1. ఉపోద్ఘాతం

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది మహిళలకు లాపరోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. తర్వాతి కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు మరణించారు. మిగిలిన 30 మందిని పరిశీలన కోసం, చికిత్స కోసం హైదరాబాదు ఆసుపత్రులకు తరలించవలసి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించి, మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ప్రకటించింది.

ఈ ఉదంతంలో దోషులెవరన్నది తేల్చడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఇక్కడి ప్రశ్న వేరు. అటువంటి ఆసుపత్రిని రేపు నిర్వహించబోయే విద్యార్థికి మనం చెబుతున్న ఆర్థికశాస్త్రం ఆనాటి పరిస్థితిని చదవగల చూపునిస్తున్నదా? ఇబ్రహీంపట్నం పరిసరాలు కళాశాలలకు నెలవు. ఆ కళాశాలల తరగతి గదులకు, ఆ ఆసుపత్రికి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. పాఠానికీ ఆ ఉదంతానికీ మధ్య దూరం మాత్రం చాలా ఎక్కువ.

2. పాఠ్యక్రమ స్వరూపం

మన డిగ్రీ స్థాయి పాఠ్యపుస్తకాల అమరిక అందరికీ తెలిసినదే. 1932లో లయొనెల్ రాబిన్స్ ఇచ్చిన కొరత నిర్వచనంతో పుస్తకం మొదలవుతుంది. ఆపై డిమాండు సూత్రం, వ్యాకోచత్వం, ఉత్పత్తి ఫలం, వ్యయ రేఖలు, సంపూర్ణ పోటీ, ఏకస్వామ్యం, చివర జాతీయాదాయం వస్తాయి. ఉదాహరణలు బియ్యం, ఉల్లిపాయలు, సినిమా టిక్కెట్లు. ఆరోగ్య నిర్వహణ విద్యార్థుల కోసమని చెప్పే పుస్తకాల్లో సైతం తరచుగా వస్తువు పేరు మాత్రమే మారుతుంది. ఉల్లిపాయ స్థానంలో పారాసెటమాల్ మాత్ర వస్తుంది. రేఖ మాత్రం కదలదు.

పారిభాషిక పదాలు లేకపోవడం దీనికి కారణం కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కృషి ఫలితంగా ఉపాంత ప్రయోజనం, సగటు వ్యయం, ఏకస్వామ్యం వంటి పదాలు తరగతి గదిలో స్థిరపడ్డాయి. లోపం పదాల వెనుకనున్న ప్రమేయాల్లో ఉన్నది. కొనేవారికి వస్తువు గురించి తెలుసుననీ, కొనకుండా వెళ్లిపోయే స్వేచ్ఛ ఉన్నదనీ, అమ్మేవారి సలహా కొనేవారి కోరికను సృష్టించదనీ, అన్ని యూనిట్ల నాణ్యత ఒక్కటేననీ ఈ పాఠం ముందుగానే అంగీకరించి సాగుతుంది. కెన్నెత్ ఆరో 1963లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో ప్రచురించిన వ్యాసం వైద్యరంగంలో ఈ ప్రమేయాలు ఎందుకు నిలవవో వివరించింది. వైద్యసేవను వాడిన తర్వాత కూడా దాని నాణ్యతను రోగి నిర్ధారించుకోలేకపోవచ్చు. కనుక అక్కడ నమ్మకం, వృత్తి నియమాలు, లైసెన్సులు ధర చేయలేని పనిని చేస్తాయి. ఆరు దశాబ్దాలు గడిచినా ఈ అవగాహన మన ప్రారంభ పాఠంలో, ఉంటే గింటే, చివరి యూనిట్‌లో ఒక పేరాకు పరిమితమవుతున్నది.

3. డిమాండు: ధర సున్నా, వ్యయం సున్నా కాదు

శిబిరంలో శస్త్రచికిత్సకు ధర లేదు. ధర సున్నా అయితే డిమాండు గరిష్ఠమవుతుందని పాఠం చెబుతుంది. అయితే మంచాల, యాచారం వంటి మండలాల నుంచి వచ్చే కూలి మహిళ కోణంలో చూస్తే లెక్క మారుతుంది. ప్రయాణం, పోయిన కూలి, వెంట వచ్చినవారి కూలి, ఇంట్లో పసిపిల్లలను ఇంకొకరికి అప్పగించడం, ఇవన్నీ ఆమె చెల్లించే మూల్యమే. అవకాశ వ్యయం అనే భావనను బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

శిబిరం రోజూ జరగదు. ఈ రోజు వెనక్కి వెళ్లడమంటే ఆ మూల్యం మొత్తాన్ని మళ్లీ చెల్లించడమే. అందువల్ల వచ్చినవారు వెళ్లిపోరు. వెళ్లమని చెప్పడానికి సిబ్బందికి మనసొప్పదు. ధర పెరగని చోట కొరత ఏర్పడితే వరుస పెరుగుతుందని పుస్తకం చెబుతుంది. వైద్యసేవలో అంతకంటే ప్రమాదకరమైన మూడో మార్గం ఉన్నది. వరుస పెరగదు, నాణ్యత పలచబడుతుంది. డిమాండు, సప్లయి రేఖలను గీసిన పటంలో నాణ్యతకు అక్షమే లేదు కనుక ఈ మార్పు విద్యార్థి కంటికి కనిపించదు.

ఎంపిక విషయంలోనూ ఇదే చిక్కు. కొన్నదే కోరుకున్నదని 1938లో సామ్యూల్‌సన్ ప్రతిపాదించిన వెల్లడైన అభిరుచి సిద్ధాంతం ఆధారంగా మనం చెబుతాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 37.9 శాతం మంది తాము శస్త్రచికిత్స చేయించుకున్నవారు కాగా, పురుష శస్త్రచికిత్సపై ఆధారపడిన వాటా 0.3 శాతం మాత్రమే. పురుషులకు చేసే వేసెక్టమీ మరింత సులభం, మరింత సురక్షితం. అయినా ఈ వ్యత్యాసాన్ని మహిళల అభిరుచి అని చదివితే, ఇంటిలో నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్న పాఠం నుంచి జారిపోతుంది.

4. సగటు వ్యయ రేఖ

శస్త్రవైద్యుని రాక, మత్తుమందు నిపుణుని సమయం, ఆపరేషన్ గది సిద్ధం చేయడం స్థిర వ్యయాలు. ఒక రోజులో కేసులు పెరిగేకొద్దీ ఈ వ్యయం ఎక్కువ మందిపై పంచబడి సగటు వ్యయం తగ్గుతుంది. శిబిర పద్ధతికి ఆర్థిక హేతువు ఇదే. పాఠ్యపుస్తకం దీనిని పరిమాణానుగుణ ఆదాల పేరుతో ప్రశంసిస్తుంది. ఆ రేఖ కింద ఒక షరతు దాగి ఉన్నది: మొదటి యూనిట్, ముప్పైనాలుగో యూనిట్ ఒకే నాణ్యత కలవి.

కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు ఈ షరతును గుర్తించాయి. మూడు లాపరోస్కోపులున్న ఒక బృందం రోజుకు 30 కేసులకు మించి చేయరాదు. అంటే ఒక్కో పరికరానికి పది. ఈ పరిమితి కంటే 34 నాలుగే ఎక్కువ కదా అనిపించవచ్చు. కాని ఆ పరిమితి అసలు అర్థం సంఖ్యలో లేదు, కాలంలో ఉన్నది. గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో పరికరాన్ని కనీసం 20 నిమిషాలు ఉంచాలి. దానికి ముందు శుభ్రపరచడం, తర్వాత కడగడం, ఆపై శస్త్రచికిత్స కలుపుకుని ఒక ఆవృత్తికి తక్కువలో తక్కువ 30 నిమిషాలు అనుకుందాం. మూడు పరికరాలతో 34 కేసులకు 12 ఆవృత్తులు కావాలి. అంటే ఆరు గంటలు. పరికరం ఒక్కటే అయితే 17 గంటలు. ఇంతకంటే తక్కువ సమయంలో పని ముగిసిందని ఏ శిబిర నివేదికైనా చెబితే, అది సామర్థ్యానికి నిదర్శనమా, ఎగవేసిన నిమిషాలకు నిదర్శనమా అని నిర్వాహకుడు అడగగలగాలి. ఈ లెక్కకు కలనగణితం అవసరం లేదు. భాగహారం చాలు. పాఠం మాత్రం దీనిని చేయించదు.

5. ప్రోత్సాహకాలు

కుటుంబ నియంత్రణ పథకంలో చేయించుకున్నవారికి, తీసుకువచ్చినవారికి, వైద్య బృందానికి చెల్లింపులు కేసుల లెక్కన ఉంటాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ ధరలు కూడా చికిత్సల లెక్కనే నిర్ణయమయ్యాయి. హోమ్‌స్ట్రోమ్, మిల్‌గ్రోమ్ 1991లో చూపినట్లు, ఒక ఉద్యోగికి అనేక పనులున్నప్పుడు కొలవగలిగిన పనికే ప్రతిఫలం ముడిపెడితే, కొలవలేని పని నుంచి శ్రద్ధ తరలిపోతుంది. శస్త్రచికిత్సల సంఖ్య రిజిస్టరులోకి ఎక్కుతుంది. ద్రావణంలో పరికరం నానిన నిమిషాలు ఎక్కవు.

ఇది ఇబ్రహీంపట్నానికే పరిమితమైన విషయం కాదు. 2012 జనవరిలో బీహార్‌లోని అరారియా జిల్లాలో ఒక పాఠశాలలో రెండు గంటల్లో 53 మందికి, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వద్ద ఒకే రోజు 83 మందికి శస్త్రచికిత్సలు జరిగాయి. బిలాస్‌పూర్ ఉదంతంలో 13 మంది మహిళలు మరణించారు. దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పునిస్తూ, మూడేళ్లలో శిబిర పద్ధతికి స్వస్తి పలకాలని, ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని లక్ష్యాలు విధించరాదని ఆదేశించింది. ఆ గడువు 2019తో ముగిసింది. ఇబ్రహీంపట్నం ఆ తర్వాతిది. తీర్పు మారినా ప్రోత్సాహకం మారకపోతే ఆచరణ ఎందుకు మారదో వివరించడం ఆర్థికశాస్త్రం చేయగలిగిన పనే.

6. రెండు అభ్యంతరాలు

ముందు మౌలిక సూత్రాలు, తర్వాత మినహాయింపులు చెప్పడమే బోధనా క్రమమని కొందరు అధ్యాపకులు వాదిస్తారు. ఆర్థికశాస్త్రాన్ని మూడేళ్లు చదివే విద్యార్థి విషయంలో ఇది సమంజసమే. ఒకటి రెండు సెమిస్టర్లతో ఆర్థికశాస్త్రానికి వీడ్కోలు పలికే ఆరోగ్య నిర్వహణ విద్యార్థికి ఆ ‘తర్వాత’ రాదు. అతని రంగంలో మినహాయింపే నియమం.

ఇటువంటి ఉదంతాలకు కావలసింది కరుణ గాని ఆర్థికశాస్త్రం కాదన్నది రెండో అభ్యంతరం. కరుణ అవసరమే. అయితే దూరం నుంచి వచ్చిన ముప్పై ఒకటో మహిళను వెనక్కి పంపకపోవడం కూడా కరుణలాగే కనిపిస్తుంది. ఆమెకు వారం తిరక్కుండానే మరో తేదీ ఇవ్వగల ఏర్పాటు ఉంటేనే ఆ కరుణ క్షేమంగా మారుతుంది. ఆ ఏర్పాటును రూపొందించడానికి వ్యయం, సామర్థ్యం, ప్రోత్సాహకం తెలిసి ఉండాలి.

7. ముగింపు

పాఠ్యక్రమానికి కొత్త యూనిట్లు చేర్చడం కంటే ఉన్నవాటి క్రమాన్ని మార్చడం ముఖ్యం. సమాచార అసౌష్ఠవాన్ని మొదటి యూనిట్‌లోకి తేవాలి. వ్యయ రేఖ గీసిన ప్రతిచోటా నాణ్యత షరతును రాయించాలి. సంపూర్ణ పోటీకి ఇచ్చే గంటల్లో కొన్నింటిని చెల్లింపు పద్ధతులకు కేటాయించాలి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పరికరం ఆవృత్తి కాలాన్ని విద్యార్థి చేత లెక్కకట్టించడం ప్రాజెక్టు పనిగా ఉండాలి.

నలుగురి మరణాన్ని ఉదాహరణగా వాడుకోవడం సబబేనా అన్న సంకోచం ఈ వ్యాసకర్తకూ ఉన్నది. అయినా ఇబ్రహీంపట్నం తరగతి గదిలో ఇబ్రహీంపట్నం ప్రస్తావన లేకుండా సగటు వ్యయ రేఖను గీయడం, ఆ రేఖ కింది షరతును మరొకసారి మరచిపోవడమే అవుతుంది.