చూపుకు అడ్డురాని వల

మైదానానికి వెళ్తే నా చూపు ముందుగా వల మీద పడుతుంది. ఎంత ఎత్తు కట్టారు, కన్ను ఎంత పెద్దది, ఎంత బిగువుగా లాగారు అని చూస్తాను. మరీ బిగిస్తే బంతిని తిప్పికొడుతుంది. మరీ వదిలేస్తే బంతితోపాటు ముందు వరుసలో వాళ్ల మొహం దాకా వస్తుంది. ఆ రెంటి మధ్య కట్టగలగడమే పనితనం.

అమెరికా బేస్‌బాల్ మైదానాల్లో బ్యాటర్ వెనక వల ఎప్పటినుంచో ఉంది. పక్కలకు కూడా కట్టాలంటే మాత్రం ఏళ్ల తరబడి పేచీ. దగ్గరగా చూద్దామని ఎక్కువ డబ్బిచ్చి కూర్చున్నవాళ్లు కళ్లముందు తెర ఎందుకన్నారు. వాళ్ల మాటా కొట్టిపారేయలేం. దానికి జవాబు వల అల్లేవాళ్ల దగ్గర దొరికింది. పాత వలలో ప్రతి కన్ను మూలా ఒక ముడి ఉండేది. ముడి దగ్గర దారం వంగి బలం తగ్గుతుంది, చూపుకూ అడ్డమే. యంత్రం మీద ముడి లేకుండా అల్లడంతో ఆ పీడ పోయింది. తర్వాత డైనీమా లాంటి పాలిథిలిన్ నార వచ్చింది. బరువుకు బరువు చూస్తే ఉక్కుకన్నా ఎన్నో రెట్లు గట్టిది కాబట్టి దారాన్ని బాగా సన్నం చేయగలిగారు. పచ్చికలో కలిసిపోయేలా ఆకుపచ్చ రంగు వేశారు. ఆటలో మునిగితే వల ఉన్న సంగతే గుర్తుండదు.

అయినా కట్టడంలో ఆలస్యం చేశారు. 2017లో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో ఒక చిన్నపిల్లకు బంతి మొహానికి తగిలింది. 2018లో లాస్ ఏంజెలెస్‌లో వల మీదుగా వచ్చిన బంతి తలకు తగిలి 79 ఏళ్ల ఆవిడ చనిపోయారు. 2019లో హ్యూస్టన్‌లో రెండేళ్ల పాప గాయపడింది. ఆ డిసెంబరులో గానీ అక్కడి ప్రధాన లీగ్‌లోని 30 జట్లూ వలలు పొడిగిస్తాయన్న ప్రకటన రాలేదు. అక్కడి ప్రధాన ఐస్ హాకీ లీగ్‌లోనూ అంతే. 2002లో 13 ఏళ్ల అమ్మాయి ప్రాణం పోయాకే గోల్ వెనక వలలు తప్పనిసరి చేశారు. వస్తువు చేతిలో ఉండి కూడా పసిపిల్లలు దెబ్బతినేదాకా ఆగడం నాకు మింగుడుపడదు.

మన ఊళ్లలో ఎన్నో బడి మైదానాలకు గోడ అవతలే రోడ్డు. అక్కడ డైనీమా అక్కర్లేదు, మామూలు నైలాన్ వల చాలు. బడి యాజమాన్యాలూ మునిసిపాలిటీలూ కనీసం రోడ్డు వైపైనా ఎత్తుగా కట్టించాలి. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది, కాబట్టి ఏటా వేసవి అయ్యాక చేత్తో లాగి చూడండి. తెగితే మార్చేయండి.